అడిగిన తండ్రి, అడగని తండ్రి: ఆదిపర్వంలో తరాల మధ్య అనురాగం

వ్యాససంగ్రహం

మహాభారత ఆదిపర్వంలోని తండ్రీకొడుకుల, తాతామనుమల కథలను పితృభక్తికి నిదర్శనాలుగా చెప్పడం పరిపాటి. యయాతి, దుష్యంతుడు, శంతనుడు అనే ముగ్గురు తండ్రుల వృత్తాంతాలను నన్నయ ఆంధ్రీకరణలోని వరుసలో పక్కపక్కన ఉంచి చదివితే, ఒక తరం మరొక తరాన్ని ఏమి అడిగింది, తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వగలిగిందా అన్న ప్రశ్న ముందుకు వస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వంశాన్ని నిలబెట్టిన సంతానంలో అధికులు ఆదరణకు దూరమైన తల్లుల బిడ్డలు కావడాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆదిపర్వం, నన్నయ, యయాతి, పూరుడు, దౌహిత్రులు, శకుంతల, భీష్ముడు, వాత్సల్యం.

ప్రవేశిక

ఆంధ్రమహాభారతం ఒక వారసుని కోరికతో మొదలవుతుంది. రాజమహేంద్రవరం నుంచి వేంగీదేశాన్ని పాలించిన రాజరాజనరేంద్రుడు (1022–1061) నన్నయను భారత రచనకు నియోగిస్తూ చంద్రుని మొదలుకొని పూరుడు, భరతుడు, కురువు, పాండురాజు తన వంశకర్తలని చెప్పుకుంటాడు. పాండవుల చరిత్ర వినాలన్న ఆసక్తి ఆయనకు పురాణశ్రవణ కుతూహలం మాత్రమే కాదు. తన పూర్వుల కథను తెలుగులో వినాలన్న కోరిక కూడా. మూలంలోనూ శ్రోత ఇటువంటివాడే. వైశంపాయనుడు కథ చెబుతున్నది అర్జునుని మునిమనుమడైన జనమేజయునికి. చెప్పమని ఆదేశించిన వ్యాసుడు పాండురాజుకు జన్మనిచ్చినవాడు. అంటే ఒక వంశానికి మూలపురుషుడైన ముని తన కళ్లముందు కూర్చున్న ఆరో తరంవానికి మధ్య తరాలవారి కథ చెప్పిస్తున్నాడు. భారతం బయటి చట్రమే తరాల మధ్య సంభాషణ.

ఈ సంభాషణ జరుగుతున్న చోటు మాత్రం ప్రశాంతమైనది కాదు. అది సర్పయాగశాల. తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కాటువేసి చంపాడన్న దుఃఖం ఉదంకుని ప్రేరణతో ప్రతీకారంగా మారి, జనమేజయుని చేత ఒక జాతి మొత్తాన్ని అగ్నికి ఆహుతి చేయించబోయింది. కొడుక్కి తండ్రిపై ఉన్న ప్రేమ ఎంత దూరం వెళ్లగలదో చెప్పే దృశ్యం ఇది. ఈ దృశ్యంతో మొదలైన గ్రంథాన్ని పితృభక్తి ప్రబోధంగా మాత్రమే చదవడం తగదు.

తరగతిగదిలోను, వ్యాసాలలోను పూరుని, భీష్ముని ఒకే గాట కట్టి తండ్రి కోసం త్యాగం చేసిన ఆదర్శపుత్రులుగా చెప్పడం ఎంతకాలంగానో సాగుతున్నది. దీనికి పరిభాష కూడా కొంత కారణం. పెద్దలకు పిల్లలపై ఉండే ప్రేమకు మన అలంకారశాస్త్రంలో వాత్సల్యం అనే పేరుంది. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు దానికి రసస్థాయిని కూడా ఇచ్చాడు. పిల్లలకు పెద్దలపై ఉండే ప్రేమకు అటువంటి ప్రత్యేకమైన పేరు లేదు. దానిని భక్తి అనవలసి వస్తుంది. భక్తి అన్న తక్షణమే అందులోని మమకారం వెనక్కి పోయి, విధేయత ముందుకు వస్తుంది. విధేయతను కొలవడానికి త్యాగం తప్ప మరో కొలబద్ద ఉండదు. ఆదిపర్వ కథనం ఈ కొలబద్దను అంగీకరించినట్టు పైకి కనిపించినా, త్యాగం చేయించుకున్నవారి వైపు కూడా అది నిశితంగా చూసిందనడానికి ఆధారాలు కథలలోనే ఉన్నాయి.

కద్రువ శాపం, పితరుల గడ్డిదుబ్బు

వంశకథలలోకి ప్రవేశించకముందే ఆదిపర్వం ఒక తల్లిని చూపుతుంది. ఉచ్చైశ్శ్రవం తోక నల్లగా ఉందని పందెం కాసిన కద్రువ, ఆ తోకను పట్టి వేలాడి నలుపు చూపమని కొడుకులను కోరింది. అది అధర్మమని ఒప్పుకోనివారిని జనమేజయుని సర్పయాగంలో కాలిపొమ్మని శపించింది. కన్నవారు అడగడం, పిల్లలు కాదనడం, శాపం తగలడం అన్న వరుస భారతంలో మొదట కనిపించేది ఇక్కడే. యయాతి కథలో ఇదే వరుస మళ్లీ వస్తుంది. అక్కడ కాదన్న కొడుకులను స్వార్థపరులనడం సులభం. ఇక్కడ కాదన్నవారు ధర్మం పక్షాన నిలిచారు. పెద్దలు అడిగినదల్లా ఇవ్వడమే ధర్మమన్న సూత్రానికి కావ్యారంభంలోనే ఇంత పెద్ద మినహాయింపు ఉండటం యాదృచ్ఛికంగా తోచదు. అదే కథలో వినత కొడుకు గరుత్మంతుడు, సవతికి దాసి అయిన తల్లిని విడిపించడానికి అమృతం తెస్తాడు. తల్లి అడిగిన అన్యాయం చేయలేక కాలిపోవలసినవారు ఒకవైపు, తల్లికి జరిగిన అన్యాయాన్ని తొలగించినవాడు ఇంకొకవైపు.

శాపానికి విరుగుడు మరో తరాల కథ నుంచి వస్తుంది. బ్రహ్మచర్యంలోనే ఉండిపోదలచిన జరత్కారుడు ఒకచోట తన పితరులను చూస్తాడు. వారు గోతిలోకి తలకిందులుగా, ఒక గడ్డిదుబ్బును పట్టుకొని వేలాడుతున్నారు. దుబ్బుకు మిగిలినది ఒక్క వేరు; దాన్నీ ఎలుక కొరుకుతున్నది. ఆ వేరు తానేనని, ఎలుక కాలమని అతనికి తెలుస్తుంది. పితృఋణమనే శాస్త్రభావనకు ఇంతకంటె గాఢమైన దృశ్యరూపం మరొకటి లేదు. అయితే జరత్కారుడు ఋణం తీర్చిన తీరు గమనించదగినది. వాసుకి చెల్లెలిని, తన పేరే గలదానిని పెళ్లాడాడు. సంధ్యావేళ దాటిపోతుందని నిద్రలేపినందుకు ఆమెను వదిలి వెళ్లిపోయాడు. గర్భంలో శిశువు ఉన్నాడన్న అర్థంలో పలికిన ‘అస్తి’ అన్న ఒక్క మాట నుంచి ఆస్తీకుని పేరు పుట్టింది. పితరులకు అతడు కొడుకునిచ్చాడు. ఆ కొడుక్కి తండ్రిని మాత్రం ఇవ్వలేదు. ఋణం తీరింది, అనురాగం పుట్టలేదు.

ఆస్తీకుడు మేనమామల ఇంట పెరిగాడు. తల్లి చెప్పగా జనమేజయుని యాగశాలకు వెళ్లి, తల్లి పుట్టింటివారిని మంటల నుంచి కాపాడాడు. తండ్రి మరణానికి ప్రతీకారంగా సాగుతున్న యాగాన్ని ఆపినవాడు, తండ్రి వదిలివేసిన ఒక కొడుకు. భారతకథ వినడానికి జనమేజయునికి తీరిక దొరికినది ఈ యాగశాలలోనే కావడం వల్ల, తరువాత వచ్చే వంశకథలన్నింటి వెనుక ఈ రెండు ప్రేమల ఘర్షణ వినిపిస్తూనే ఉంటుంది.

అడిగిన తండ్రి

పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థ ప్రకటించిన సంశోధిత ప్రతిలో శకుంతల కథ ముందు, యయాతి కథ తరువాత వస్తాయి. దాక్షిణాత్య పాఠంలో యయాతి ముందు, శకుంతల తరువాత. నన్నయ అనుసరించినది ఈ రెండో క్రమాన్ని. మూడవ ఆశ్వాసంలో యయాతి, నాలుగవ ఆశ్వాసంలో శకుంతల. వంశక్రమం రీత్యా ఇది సహజమే. దీనివల్ల తెలుగు పాఠకునికి దక్కిన ప్రయోజనం మరొకటి ఉంది. అతడు మొదట కొడుకులను యాచించిన తండ్రిని, ఆపైన కొడుకును కాదన్న తండ్రిని, ఆ తరువాత కొడుకును అడగలేక అడిగిన తండ్రిని వరుసగా కలుసుకుంటాడు.

యయాతి కోరిక సిగ్గు విడిచిన కోరిక. శుక్రుని శాపం వల్ల అకాలవార్ధక్యం వచ్చింది; దానిని ఎవరైనా స్వీకరిస్తే యౌవనం పొందవచ్చునన్న సడలింపు దొరికింది. అతడు ఆ ముసలితనాన్ని ఐదుగురు కొడుకులకు వరుసగా చూపాడు. దేవయాని కొడుకులైన యదువు, తుర్వసుడు, శర్మిష్ఠ కొడుకులైన ద్రుహ్యుడు, అనువు కాదన్నారు. మూలంలో వారు చెప్పిన కారణాలు నిశితంగా ఉంటాయి. ముసలితనంలో అన్నపానాలు సహించవు, ఒళ్లు ముడుతలు పడుతుంది, మాట తడబడుతుంది, ఏనుగునూ గుర్రాన్నీ ఎక్కలేరు, పసివానిలా వేళకాని వేళల్లో తినవలసి వస్తుంది. ఇవి కుంటిసాకులు కావు. వార్ధక్యాన్ని గురించి ఇంత నిర్దాక్షిణ్యంగా, ఇంత నిజంగా చెప్పిన సంభాషణ ప్రాచీనసాహిత్యంలో అరుదు. కొడుకులు తండ్రి దేహాన్ని ఎంత శ్రద్ధగా గమనించారో కూడా ఆ మాటలు చెబుతాయి. గమనించడం వేరు, పంచుకోవడం వేరు.

పూరుడు ఒప్పుకున్నాడు. అతడు శర్మిష్ఠ చివరి కొడుకు. రాక్షసరాజు వృషపర్వుని కూతురైన శర్మిష్ఠ దేవయానికి దాసిగా వచ్చింది. ఆమెతో యయాతి సంబంధం చాటుమాటుగా నడిచింది. ఆ సంబంధం బయటపడటం వల్లనే శాపం వచ్చింది. శాపానికి కారణమైన తల్లి కొడుకు ఆ శాపాన్ని తన ఒంటిమీదికి తీసుకున్నాడు. శర్మిష్ఠ పెద్దకొడుకులిద్దరూ కాదన్నారు గనుక దాసీపుత్రులందరూ త్యాగులన్న సూత్రీకరణకు ఇక్కడ తావులేదు. కాని సింహాసనంపై ఆశలేని చివరివాడు ఇచ్చాడని, ఆశ ఉన్న మొదటివాడు ఇవ్వలేదని కథనం స్పష్టంగా చూపుతుంది.

వేయి సంవత్సరాల భోగం తరువాత, అనుభవించినకొద్దీ కోరిక పెరుగుతుందే తప్ప తీరదని గ్రహించి, యయాతి యౌవనాన్ని కొడుక్కి తిరిగి ఇచ్చాడు. కథలో కీలకమైన మాట ‘తిరిగి’. పూరుడు ఇచ్చినది మళ్లీ పొందదగినది. పెద్దవానిని కాదని చిన్నవానికి పట్టం కట్టడమేమిటని బ్రాహ్మణులు మొదలైన ప్రజలు ప్రశ్నించినప్పుడు, తన మాట నిలిపినవాడే కొడుకని యయాతి సమాధానం చెప్పాడు. ఇది ప్రేమకు సమాధానమా, లావాదేవీకి సమాధానమా? రాజ్యం ఇక్కడ వాత్సల్యచిహ్నంగా కంటే చెల్లింపుగా కనబడుతుంది. ఆస్తికీ సంరక్షణకూ ముడిపెట్టే ఆలోచన నేటికీ పోలేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం (2007) సంతానమన్న పదంలో మనుమలను, మనుమరాండ్రను కూడా చేర్చింది. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూడనిపక్షంలో రద్దు చేయించుకునే వీలు కల్పించింది. చట్టం తన పరిధిలో అంతకుమించి చేయలేదు. యయాతి సభలో చెప్పిన న్యాయం కూడా ఆ పరిధి దాటలేదు.

ఆధునికులు ఈ కథలో వదిలిన ఖాళీని పట్టుకున్నారు. వి.ఎస్. ఖాండేకర్ మరాఠీ నవల ‘యయాతి’ (1959) భోగలాలసను ఆధునిక మానవుని వ్యాధిగా చిత్రించింది. గిరీశ్ కర్నాడ్ కన్నడనాటకం ‘యయాతి’ (1961) మరింత పదునైన ప్రశ్న వేసింది: యౌవనం పోగొట్టుకున్న పూరుని భార్య మాటేమిటి? ఆమెకు చిత్రలేఖ అన్న పేరు పెట్టి, ఆమె ఆత్మహత్యను నాటకానికి కేంద్రం చేశాడు కర్నాడ్. ఒక తరం మరొక తరానికి ఇచ్చేది ఎప్పుడూ ఇద్దరి మధ్యనే తేలిపోదని, మూడోవారెవరో మూల్యం చెల్లిస్తారని ఆ నాటకం గుర్తుచేస్తుంది. ఈ ప్రశ్న వ్యాసునికి తట్టలేదనుకోవడానికి వీల్లేదు. శంతనుని కథలో ఆ మూడోవారు అంబ రూపంలో రానే వచ్చారు.

కూతురి కొడుకులు

యయాతి కథను పూరుని పట్టాభిషేకంతో ముగించి చెప్పడం వల్ల విమర్శలో ఒక లోపం ఏర్పడింది. ఉత్తరభాగంలోనే ఈ కథకు అసలైన పరీక్ష ఉంది. స్వర్గంలో తనతో సమానులెవరూ లేరని గర్వించిన యయాతి పుణ్యం క్షీణించి కిందికి జారుతాడు. పడేదైనా సజ్జనుల మధ్య పడాలని కోరుకుంటాడు. అష్టకుడు, ప్రతర్దనుడు, వసుమనుడు, శిబి అనే నలుగురు రాజుల మధ్యకు వస్తాడు. వారు అతని కూతురు మాధవి కొడుకులు.

మాధవి ఎవరో ఉద్యోగపర్వం చెబుతుంది. గురుదక్షిణగా ఒక చెవి నల్లగా ఉన్న ఎనిమిదివందల తెల్లగుర్రాలు కావలసి వచ్చిన గాలవుడు యయాతిని ఆశ్రయించాడు. గుర్రాలు లేని యయాతి కూతురినిచ్చి పంపాడు. ఆమె ముగ్గురు రాజులకు, చివర విశ్వామిత్రునికి ఒక్కొక్క కొడుకును కని ఇచ్చి, ఆ దక్షిణ తీర్చింది. కొడుకుల యౌవనాన్ని అడిగిన తండ్రి కూతురిని అడగనుకూడా లేదు, దానమిచ్చాడు. ఆ కూతురి బిడ్డలే ఇప్పుడు అతనికి తమ పుణ్యం ధారపోస్తామంటున్నారు.

ఆదిపర్వం మూలంలో ఈ ఘట్టం నడక అపూర్వం. వచ్చినవాడు తమ తాత అని ఆ నలుగురికి తెలియదు. తెలియకుండానే ఒక్కొక్కరు తమ లోకాలు తీసుకోమంటారు. దానం పట్టనంటే, గడ్డిపోచ ధరకైనా కొనుక్కోమని వసుమనుడు అంటాడు. యయాతి ఒప్పుకోడు, మునుపెన్నడూ చేయని పని ఇప్పుడు చేయనంటాడు. ఒకప్పుడు ఐదుగురు కొడుకుల ముందు చేయి చాచినవాడే ఇక్కడ నలుగురు మనుమలు ఇస్తామన్నా తీసుకోలేదు. మునుపెన్నడూ ఇతరుల సొమ్ము పట్టలేదన్న అతని మాట పూరుని యౌవనాన్ని తలచుకుంటే అక్షరాలా నిజం కాదు. ఆ అసత్యంలోనే అతని మార్పు ఉందేమో. చివరికి ఐదుగురికీ ఐదు బంగారురథాలు వస్తాయి. అప్పుడు, అష్టకుడు మళ్లీ అడిగిన మీదట, తాను వారి మాతామహుడనని యయాతి బయటపెడతాడు. బంధుత్వం తెలిసి ఇచ్చిన దానం కాదిది. ఇచ్చిన తరువాత బంధుత్వం తెలిసింది. ఉద్యోగపర్వంలోని కథనం ఈ సున్నితత్వాన్ని నిలుపుకోలేదు. అక్కడ మనుమలు, మాధవి, గాలవుడు పుణ్యమిస్తారు, యయాతి తీసుకొని పైకి వెళతాడు. అనురాగం దృష్ట్యా ఆదిపర్వ కథనమే ఉత్తమం.

నన్నయ ప్రభువు విషయంలో ఈ దౌహిత్రకథకు చారిత్రకమైన ప్రతిధ్వని ఒకటుంది. రాజరాజనరేంద్రుడు చోళ మొదటి రాజరాజు కూతురు కుందవ కొడుకు. తాత పేరే ఆయన పేరు. ఆయన కొడుకు కులోత్తుంగుడు 1070లో తన తల్లి పుట్టింటివారి చోళసింహాసనాన్ని అధిష్ఠించాడు. కూతుళ్ల ద్వారా రెండు రాజవంశాలు పెనవేసుకొన్న ఆ కొలువులో, కూతురి కొడుకులు తాతను నిలబెట్టిన కథ పరాయికథగా వినిపించి ఉండదు.

కాదన్న తండ్రి

కాళిదాసు శాపాన్ని, ఉంగరాన్ని కల్పించి దుష్యంతుని మరపు వెనుక దాచాడు. భారతంలో ఆ రక్షణ లేదు. వ్యాసుని దుష్యంతుడూ నన్నయ దుష్యంతుడూ ఎదురుగా ఉన్న భార్యను, కొడుకును తెలిసీ కాదన్నారు. లోకం నమ్మదన్న భయమే కారణమని ఆకాశవాణి పలికిన తరువాత రాజే ఒప్పుకుంటాడు. అప్పటివరకు సభలో కొడుకు తరఫున వాదించినది ఒంటరి తల్లి.

శకుంతల వాదానికి శాస్త్రవాక్యాల బలం తక్కువేమీ కాదు. అయినా ఆమె వాదంలో మనసుకు తగిలే భాగం శాస్త్రం కాదు. చీమలు సైతం తమ గుడ్లను చితకనివ్వక మోస్తాయని, ధర్మం తెలిసిన రాజు కొడుకును భరించలేడా అని మూలంలో ఆమె అడుగుతుంది. కొడుకు కౌగిలిలోని చల్లదనాన్ని గంధంతో, వెన్నెలతో పోల్చి చెప్పిన నన్నయ పద్యం తెలుగువారికి కంఠస్థం. ఆ పద్యాన్ని వాత్సల్యానికి ఉదాహరణగా ఉటంకించేవారు దాని సందర్భాన్ని తరచు మరచిపోతారు. ఆ సుఖాన్ని వర్ణిస్తున్నది అనుభవించిన తండ్రి కాదు. అనుభవించమని తండ్రిని తల్లి బతిమాలుతున్నది. బిడ్డ ఎదుటే ఉన్నాడు, కౌగిలి మాత్రం లేదు. తెలుగులో వాత్సల్యానికి మేటి అనదగిన పద్యం ఒక నిరాకరణసభలో పుట్టింది.

శకుంతలను పెంచినది కణ్వుడు. కన్నవారు విశ్వామిత్రుడు, మేనక. ఇద్దరూ వదిలి వెళ్లారు. అడవిలో పక్షులు కాపాడిన శిశువును ఎత్తుకొని శకుంతల అని పేరు పెట్టిన కణ్వుడు మూలంలో ముగ్గురు తండ్రులను చెబుతాడు: శరీరాన్ని ఇచ్చినవాడు, ప్రాణం నిలిపినవాడు, అన్నం పెట్టినవాడు. వంశకర్తల కథలో ఈ నిర్వచనం చిన్నది కాదు. రక్తంతో సమానమైన స్థానం అన్నానికి దక్కింది. ఈ నిర్వచనానికి ఆదిపర్వమే తరువాత ఒక సాక్ష్యం చూపుతుంది. కుమారాస్త్రవిద్యా ప్రదర్శన రంగంలో కర్ణునికి అంగరాజ్యాభిషేకం జరిగిన మరుక్షణం, చేతికర్రపై ఆనుకొని వణుకుతూ ముసలి సూతుడు అధిరథుడు వస్తాడు. అభిషేకజలంతో తడిసిన తలను కర్ణుడు ఆ ముసలివాని ముందు వంచుతాడు. రాజులంతా చూస్తున్నారని తెలిసీ వంచుతాడు. అధిరథుడు తన పాదాలను బట్టచెరగుతో కప్పుకొని, ఆ తడితలను కన్నీళ్లతో మళ్లీ తడుపుతాడు. భీముని ఎగతాళి ఆ వెంటనే వచ్చింది. కన్నతల్లి అదే రంగస్థలంలో మూర్ఛపోయి, తేరుకొని, నోరు విప్పలేదు.

అడగలేకపోయిన తండ్రి

శంతనుడు యయాతి వంటివాడు కాడనిపిస్తుంది. దాశరాజు షరతు విని, సత్యవతిపై మనసున్నా ఇంటికి తిరిగివచ్చాడు. కొడుకు రాజ్యహక్కును తానై కాదనలేదు. ఏడుగురు బిడ్డలను గంగ నీటిపాలు చేయగా చూసి, ఎనిమిదోవానిని ఏళ్ల తరువాత దక్కించుకున్న తండ్రికి ఆ కొడుకుపై ప్రేమ లేదనడం అన్యాయం.

కాని దేవవ్రతుడు దిగులుకు కారణమడిగినప్పుడు శంతనుడు ఇచ్చిన సమాధానం నిదానంగా చదవదగినది. ఒక్కడే కొడుకు ఉండటం కొడుకు లేకపోవడంతో సమానమని పెద్దలంటారు. నీవు ఎప్పుడూ ఆయుధం పట్టినవాడివి. నీకేమైనా అయితే వంశమేమవుతుంది. అయినా నీవు నూరుగురు కొడుకుల పెట్టు, మళ్లీ పెళ్లి నాకు ఇష్టం లేదు. ప్రతి మాటా వాత్సల్యమే. ప్రతి మాటా ఆ ఒక్క కోరిక వైపే. సత్యవతి పేరు ఎత్తకుండా కొడుకు గ్రహించవలసినదంతా చెప్పాడు. దేవవ్రతుడు తండ్రిని మరేమీ అడగక వృద్ధమంత్రి దగ్గరకు వెళ్లి విషయం తెలుసుకున్నాడు. తరువాతి కథ ప్రసిద్ధం: రాజ్యం వద్దన్నాడు, పుట్టబోయే కొడుకులు అడ్డొస్తారంటే పెళ్లీ వద్దన్నాడు.

యయాతి నోరు విప్పి అడిగాడు గనుక నలుగురు కాదనగలిగారు. శంతనుడు అడగలేదు గనుక కాదనే అవకాశమే కొడుక్కి లేకపోయింది. అడిగిన తండ్రి చులకనయ్యాడు, శపించాడు, చివరికి తిరిగి ఇచ్చాడు. అడగని తండ్రి మర్యాద నిలుపుకొని, తిరిగి ఇవ్వలేనిది తీసుకున్నాడు. కుటుంబాలలో మౌనంగా అడిగే పెద్దలను సున్నితమనస్కులుగాను, బాహాటంగా అడిగేవారిని స్వార్థపరులుగాను లెక్కించే అలవాటును ఈ రెండు కథలు కలిసి కదిలిస్తాయి. పూరుడు, భీష్ముడు ఒకే ఆదర్శానికి రెండు ఉదాహరణలన్న వాదం నిలవదు. పూరునికి వేయి సంవత్సరాల తరువాత యౌవనం, రాజ్యం, సంతానం ఉన్నాయి. భీష్మునికి శంతనుడు ఇవ్వగలిగినది ఒక్కటే: కోరుకున్నప్పుడు చనిపోయే వరం. కొడుకు వదులుకున్న జీవితానికి బదులుగా తండ్రి మరణాన్ని ఇచ్చాడు.

పితామహుడు

తండ్రి కాకూడదని శపథం చేసినవానికి లోకం శాశ్వతం చేసిన బిరుదు పితామహుడు. చిత్రాంగద విచిత్రవీర్యులను, వారి తరువాత ధృతరాష్ట్ర పాండు విదురులను, ఆపైన శతశృంగం నుంచి తండ్రిలేక వచ్చిన ఐదుగురిని, అంతఃపురంలోని నూరుగురిని పెంచినది ఆ చేతులే. కణ్వుడు చెప్పిన మూడో అర్థంలో ఆయన మూడు తరాలకు తండ్రి. కాశీరాజు కూతుళ్లను తెచ్చినదీ, అంబ బతుకు చెడినదీ ఆయన చేతులమీదుగానే. పెంపకపు ప్రేమకూ మూల్యం చెల్లించిన మూడోమనిషి ఉంది.

భీష్మపర్వంలో, యుద్ధం తొమ్మిదో రాత్రి, పాండవులు ఆయన శిబిరానికి వెళ్లి ఆయనను జయించే ఉపాయం ఆయననే అడుగుతారు. మనుమలు తాతను ప్రాణం అడిగిన ఘట్టమిది. భీష్ముడు శిఖండిని ముందుంచుకొమ్మని చెబుతాడు. శంతనుడు కొడుక్కి ఇచ్చిన వరం ఇక్కడ ఖర్చయింది. తండ్రి దగ్గర పుచ్చుకున్న మరణాధికారాన్ని ఆయన మనుమల చేతికిచ్చాడు. యయాతి కథలో తరం నుంచి తరానికి కిందినుంచి పైకి పోయిన ఆయుష్షు, ఇక్కడ పైనుంచి కిందికి వచ్చింది. అంబ శిఖండిగా తిరిగివచ్చి తన బాకీ వసూలు చేసుకున్నదీ ఈ దారిలోనే.

శిబిరానికి తిరిగివచ్చిన అర్జునుడు కృష్ణునితో ఒక జ్ఞాపకం చెబుతాడు. చిన్నప్పుడు ఆడి ఆడి దుమ్ముకొట్టుకొన్న ఒంటితో ఆయన ఒడి ఎక్కి, ఆయన బట్టలు మాపి, ‘తాత’ అని పిలిచేవాడు. నేను నీ తాతను కాదు, నీ తండ్రికి తాతను అని ఆయన దిద్దేవాడు. సంస్కృతంలో తాత శబ్దానికి తండ్రి అని అర్థం; తండ్రిలేని పిల్లవాడు తండ్రి అనే పిలిచాడు, బ్రహ్మచారి ఆ మాట తనకు చెందదని సరిచేశాడు. అలా పిలిచినవానిని ఎలా చంపుతానని అర్జునుని ప్రశ్న. ఈ సంభాషణను తెలుగులోకి తెచ్చేవారికి ఒక చిక్కు ఉంది. రెండు పదాల వ్యుత్పత్తి చర్చ ఎటు తేలినా, తెలుగులో తాత అంటే తండ్రికి తండ్రే. సంస్కృతంలో దిద్దవలసి వచ్చిన ఆ పిలుపు తెలుగు పిల్లవాని నోట వస్తే భీష్మునికి దిద్దవలసినదేమీ ఉండదు.